జెరంటాలజీ మైనర్ తీసుకుంటే మెడిసిన్‌కి అడ్డమా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి టెక్సస్‌లోనే ఒక స్టేట్ యూనివర్సిటీలో బయాలజీ మేజర్, సెకండ్ ఇయర్. మెడిసిన్ లక్ష్యం. ఇప్పుడు జెరంటాలజీ మైనర్ కూడా చేస్తానంటోంది. పెద్దవాళ్ల గురించిన చదువుతో ఏం ఒరుగుతుంది? జీపీఏ (గ్రేడ్ల సగటు) దెబ్బతింటుందేమోనని మా భయం.

జవాబు: అడ్డమేం కాదు. ఒరిగేది మాత్రం ఆమె ఎంచుకునే కోర్సుల్ని బట్టి ఉంటుంది.

మైనర్ అంటే మేజర్ పక్కన చదివే చిన్న సబ్జెక్టు, చాలాచోట్ల 15 నుంచి 18 క్రెడిట్లు, ఐదారు కోర్సులు. తేలిగ్గా ‘ఏ’ గ్రేడ్ వచ్చేవే ఏరుకుని అయిందనిపించేవాళ్లున్నారు. వాళ్లకి ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఓ లైను తప్ప ఏం మిగలదు. మీ అమ్మాయి బయాలజీ ఆఫ్ ఏజింగ్, మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా), మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవాళ్లకి) వివరంగా చెప్పే పాలసీ కోర్సు, ప్రాక్టికమ్ (పెద్దవాళ్లున్న చోట నేరుగా పనిచేసి నేర్చుకునే కోర్సు) ఈ మూడూ వదలకూడదు.

జీపీఏ సంగతి. మెడికల్ స్కూళ్లు మొత్తం జీపీఏతో పాటు సైన్స్ జీపీఏ విడిగా చూస్తాయి. సోషియాలజీ ఆఫ్ ఏజింగ్‌లో ‘ఏ’ వచ్చినా ఆర్గానిక్ కెమిస్ట్రీలో వచ్చిన ‘సీ’ అలాగే కనిపిస్తుంది. అందుకని ఆర్గానిక్, ఫిజిక్స్ ఉన్న సెమిస్టర్లో ఈ కోర్సులు ఒకటికి మించి పెట్టుకోవద్దు. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌కి మాత్రం కాస్త పనికొస్తాయి: నాలుగు సెక్షన్లలో ఒకటి సైకాలజీ, సోషియాలజీల మీదే, 95 నిమిషాల్లో 59 ప్రశ్నలు.

అసలు విలువ ప్రాక్టికమ్‌లో ఉంది. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం: పెద్దాయన ఈ ఆరింటిలో ఎన్ని సొంతంగా చేసుకోగలరో చూసి ఎంత సాయం కావాలో తేలుస్తారు. ‘నాన్న బాగానే ఉన్నారు’ అని కొడుకు ఫోన్లో చెప్పేదానికీ ఈ లెక్కకీ చాలాసార్లు పొంతన ఉండదు. అది కళ్లారా చూసిన పిల్ల ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరు.

ఇక్కడే తేడా కొట్టేది కూడా. టీబీ టెస్టు, టీకాల రికార్డు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ తేలేసరికి వారాలు పడుతుంది. సెమిస్టర్ మొదలయ్యాక పరుగులు పెడితే గంటలు పూర్తికావు. ముందు సెమిస్టర్లోనే కాగితాలు కదిలించాలి. వీలైతే ఒక సమ్మర్‌లో నర్స్ ఎయిడ్ ట్రైనింగ్ చేయించండి. ఫెడరల్ కనీసం 75 గంటలు, టెక్సస్‌లో 100. సర్టిఫికెట్ వచ్చాక జీతం తీసుకుంటూనే క్లినికల్ అనుభవం వస్తుంది. నన్నడిగితే డాక్టర్ వెనక నిలబడి చూసే షాడోయింగ్ కన్నా ఇదే మేలు.

అడ్వైజర్‌ని రెండు అడగమనండి. మేజర్‌కీ మైనర్‌కీ రెండింటికీ ఒకేసారి ఎన్ని కోర్సులు లెక్కేస్తారు? డిగ్రీకి కావలసిన వాటికన్నా ఎన్ని క్రెడిట్ గంటలు ఎక్కువవుతాయి? టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆ ఎక్కువ 30 గంటలు దాటితే స్థానికుల దగ్గర కూడా ఎక్కువ ఫీజు వసూలు చేసే వీలుంది.

మెడిసిన్ సీటు రాకపోతే ఒక్క మైనర్‌తో ఉద్యోగం రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఫిజికల్ థెరపీ, సోషల్ వర్క్, నర్సింగ్ హోమ్ అడ్మినిస్ట్రేషన్ వైపు వెళ్తే పునాదిగా ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌కి రాష్ట్ర లైసెన్స్ విడిగా కావాలి. మన కుటుంబాలకి కావలసిన సంగతే ఒకటి చూడండి: గ్రీన్ కార్డు మీద వచ్చిన మన అమ్మానాన్నల్లో ఇక్కడ పనిచేసిన చరిత్ర లేనివాళ్లు 65 దాటినా, వరసగా ఐదేళ్లు ఇక్కడ ఉంటేగానీ డబ్బు కట్టి మెడికేర్ కొనుక్కోలేరు. ఇలాంటివి తెలుగులో విడమర్చి చెప్పగలిగే మనిషికి డాలస్‌లో పనికి కొదవుండదు.