రాళ్ల వయసు చెప్పే చదువు: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. మా అమ్మాయి బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది, అందులో జియాలజీ ఉంది. ఈ మధ్య ఒక భూగర్భ శాస్త్రవేత్త ప్రసంగం విని వచ్చింది. అప్పటి నుంచి కోట్ల ఏళ్ల నాటి రాళ్ల వయసు కనుక్కునే పరిశోధనే చేస్తానంటోంది. మావారు బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పిద్దామంటున్నారు. ఈ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా? ఆడపిల్లను కొండల వెంట తిరిగే పనికి పంపడం మంచిదేనా? పీహెచ్‌డీ అంటే పెళ్లీడు దాటిపోతుందని మా అత్తగారి దిగులు.

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను. ముందుగా మీ అమ్మాయి మనసు దేనిమీద పడిందో మీకు తెలియాలి. అది తెలియకుండా నేను పంపమన్నా, మీవారు వద్దన్నా అది గాలిలో మాటే అవుతుంది.

కైలాసగిరి ఎక్కే దారిలో కొండను తొలిచిన చోట తుప్పు రంగులో కనిపించే రాయిని మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. దాని పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో నివసించే ఖోండుల పేరు మీద ఆ పేరు పెట్టారు. కోణార్క్ ఆలయానికి వాడిందీ ఈ జాతి రాయినే. ఒకప్పుడు అది నీటి అడుగున పేరుకున్న బంకమన్ను. భూమి లోపలికి ఎన్నో కిలోమీటర్లు దిగబడి, అక్కడి వేడికీ ఒత్తిడికీ రూపం మార్చుకుని, మళ్లీ పైకి వచ్చింది. పాడేరు, అనకాపల్లి ప్రాంతాల్లో 900 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిని చవిచూసిన రాళ్లు ఉన్నాయి. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు కనుమలు, తూర్పు అంటార్కిటికా కలిసి ఒకే నేలగా ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోవడం మొదలైంది. ఇక్కడి రాళ్ల వయసులూ, వేల కిలోమీటర్ల దూరంలో మంచు మధ్య ఉన్న రాళ్ల వయసులూ సరిపోలడం వల్లే ఈ బంధుత్వం గట్టిగా తేలింది. మన ఊరి కొండకు అంటార్కిటికాలో తోబుట్టువు ఉందని తెలిశాక ఇరవై ఏళ్ల పిల్ల నిద్రపోకపోతే నేను ఆశ్చర్యపోను.

ఇక వయసు ఎలా కడతారన్నది. చాలామంది కార్బన్ డేటింగ్ అనుకుంటారు. అందులో కొలిచే కార్బన్-14 అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లే కాబట్టి 50 వేల ఏళ్లు దాటితే అది పనికిరాదు. పాత రాళ్లకు జిర్కాన్ కావాలి. వెంట్రుక మందం ఉండే చిన్న స్ఫటికం అది. పుట్టేటప్పుడు యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. ఆ తర్వాత యురేనియం తనకు తానే క్షీణిస్తూ సీసంగా మారుతుంది. అందులో రెండు రకాలున్నాయి: యురేనియం-238లో సగం మారడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235లో సగానికి 70 కోట్ల ఏళ్లు పడుతుంది. అంటే ఒకే గింజలో రెండు గడియారాలు నడుస్తున్నాయి. రెండూ ఒకే సమయం చూపిస్తే ఆ వయసును నమ్మవచ్చు. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో ఇలాగే 440 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ దొరికింది. మన పొరుగున ఒడిశాలోని చంపువా దగ్గరి రాళ్లలో 424 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ ఉన్నట్టు 2018లో ప్రకటించారు. భూమి వయసే 454 కోట్ల ఏళ్లు. ఖండాల నేల మొదట ఎప్పుడు గడ్డకట్టిందో చెప్పగల సాక్షులు ఈ గింజలే.

ప్రసంగంలో ఇంతవరకు వినే ఉంటుంది. ఆ ఫలితం వెనకాల చాకిరీ ఎంతో ఎవరైనా చెప్పారో లేదో. కొండ మీద నుంచి కిలోల కొద్దీ రాయి మోసుకొస్తారు. దాన్ని పొడి చేస్తారు, జల్లెడ పడతారు, నీళ్లలో కడిగి తేలిక ఇసుకను పారబోస్తారు. మిగిలినదాన్ని అయస్కాంతంతోనూ, బరువైన ద్రవాలతోనూ వేరు చేస్తారు. చివరికి చిటికెడు పొడి మిగులుతుంది. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, సన్నని సూదితో ఒక్కో జిర్కాన్‌నూ ఏరాలి. మన అమ్మమ్మలు చేటలో బియ్యం పోసుకుని మట్టిబెడ్డలు ఏరినట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ గింజ కంటికి ఆనదు, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. ఏరిన గింజలను జిగురులో పోతపోసి, సగం వరకు అరగదీసి ఫొటో తీస్తే లోపల చెట్టు మానులో వలయాల్లాంటి పొరలు కనిపిస్తాయి. యురేనియం, సీసం కొలవడానికి ఏ పొర మీద లేజర్ పడాలో అప్పుడు నిర్ణయించాలి. పొర తప్పితే వయసూ తప్పుతుంది. ఆరు నెలల పని తర్వాత రెండు గడియారాలూ కలవకపోతే మళ్లీ మొదటికి రావాలి.

ఈ ఓపిక మీ అమ్మాయికి ఉందా? నిర్ణయమంతా దీని మీదే ఆధారపడి ఉంది. మార్కులు, తెలివి నాకు రెండో సంగతి. పైగా ఈ రంగంలో సగం రసాయనం, సగం గణితం. రాళ్లంటే ఇష్టం ఉండి, లెక్కలంటే పారిపోయే పిల్లకు ఇది పడదు.

ఉద్యోగం మాటకు వస్తే మీకు ఒక ఊరట ఉంది. ఉద్యోగానికీ పరిశోధనకూ ఎమ్మెస్సీ వరకు దారి ఒకటే. ఈ రోజే ఏదో ఒకటి తేల్చుకోవలసిన అవసరం లేదు. మన ఊళ్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1941 నుంచి జియాలజీ విభాగం ఉంది. అందులో సీటు రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ ద్వారా వస్తుంది. ఐఐటీల్లో చదవాలంటే వాటి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్‌లో జియాలజీ పేపరు రాయాలి. బొంబాయి, ఖరగ్‌పూర్, రూర్కీల్లో మంచి విభాగాలున్నాయి. నా సలహా రెండూ రాయమనే. ఐఐటీలో సీటు వస్తే వెళ్లనివ్వండి, పరికరాల దగ్గర చేయి తిరుగుతుంది.

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉండగానే యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయవచ్చు. వయసు 21 నుంచి 32 లోపు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ఎంపికైతే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో గ్రూప్-ఎ జియాలజిస్టు ఉద్యోగం, మూలవేతనమే 56,100తో మొదలవుతుంది. మీవారికి ఈ సంగతి తప్పక చెప్పండి. బ్యాంకు పరీక్షకు పెట్టే శ్రమే దీనికీ పెడితే, చదివిన చదువుకు తగిన కొలువు దొరుకుతుంది. పోస్టులు తక్కువ, పోటీ గట్టిది, ఆ మాట దాచను. అణు ఖనిజాల డైరెక్టరేట్, ఓఎన్‌జీసీ, ఎన్‌ఎండీసీ, సింగరేణి వంటివి కూడా జియాలజిస్టులను తీసుకుంటాయి.

పరిశోధన వైపే మనసు ఉంటే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో భూవిజ్ఞానశాస్త్రాల పేపరు రాసి ఫెలోషిప్ తెచ్చుకోవాలి. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 వస్తాయి. ఇంటి మీద భారం పడదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, బెంగళూరులోని ఐఐఎస్‌సీ, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనశాల, డెహ్రాడూన్‌లోని వాడియా సంస్థల్లో ఇలాంటి పని జరుగుతుంది. పీహెచ్‌డీకి సుమారు ఐదేళ్లు, ఆ తర్వాత ఇంకొన్నేళ్లు తాత్కాలిక పదవుల్లో గడపాలి. శాశ్వత ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటవచ్చు, కొందరికి అది రాకపోవచ్చు కూడా. ఇది తెలిసే అడుగు వేయాలి.

కొండల భయం గురించి. ఫీల్డు పని ఏడాదంతా ఉండదు, ఒంటరిగా ఎవరూ వెళ్లరు. జట్టుగా, జీపులో, అనుమతులతో వెళతారు. రాయి వయసు కట్టేవాళ్లు కొండ మీద కంటే ప్రయోగశాలలోనే ఎక్కువ రోజులు గడుపుతారు. సర్వేక్షణ సంస్థ ఉద్యోగమైతే క్యాంపులు ఎక్కువే, వసతి అంతంతమాత్రమే. ఆడవాళ్లు చేస్తున్నారు, బాగా చేస్తున్నారు. మీ అమ్మాయి చేయలేదని ఆమెను అడగకుండా మనం తేల్చడం న్యాయం కాదు. పెళ్లి సంగతి మీ అత్తగారితో నేను వాదించను. పరిశోధన చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. మధ్యలో చదువు మానిపించబోమని సంబంధం చూసేటప్పుడే మాట తీసుకోండి.

ఇక ఆ ఓపిక ఉందో లేదో ఇంట్లో వాదించి తేల్చుకోలేరు. ఈ వేసవి సెలవుల్లో విశ్వవిద్యాలయం జియాలజీ విభాగంలో ఎవరినైనా ఆచార్యులను కలిసి, నెల రోజులు ప్రయోగశాలలో రాయి పొడి చేయడానికో, గింజలు ఏరడానికో చేరనివ్వమని అమ్మాయినే అడగమనండి. సిఫార్సు అక్కర్లేదు. తాను చదివిన నాలుగు విషయాలు రాసి పట్టుకెళితే చాలు. నెల తిరిగేసరికి మెడ నొప్పి పుట్టి కూడా మళ్లీ వెళతానంటే నాకు ఇంకొక ఉత్తరం రాయండి, ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు చేయాలో వివరంగా చెబుతాను.

అంతకన్నా ముందు ఒక ఆదివారం పొద్దున్నే ముగ్గురూ భీమిలి వెళ్లండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడే. కొండల్లో అరిగిన రాయి అక్కడికి ఇసుకగా చేరుతుంది. అల వెనక్కి వెళ్లాక నల్లచారలు కనిపిస్తాయి. వాటి మీద కాగితంలో చుట్టిన అయస్కాంతం ఆడిస్తే నల్లరేణువులు మీసంలా పట్టుకుంటాయి. మిగిలినదాంట్లో ఎర్రగా మెరిసేది గార్నెట్ అనే ఖనిజం. వాటి మధ్య ఎక్కడో జిర్కాన్ కూడా ఉంటుంది. అమ్మాయి దగ్గర భూతద్దం ఉంటే మీవారి చేతికి ఇవ్వమనండి. చూసిన ఇసుకను అక్కడే వదిలేసి రండి.