పాత పిన్‌బాల్ మెషీన్ కొనే ముందు ప్లేఫీల్డ్ ఎత్తించి చూడండి

హైదరాబాద్‌లో పాత వస్తువులు సేకరించేవాళ్ల మేళాలో 1970ల నాటి పిన్‌బాల్ మెషీన్ (నాణెం వేసి స్టీలు బంతితో ఆడే ఆట పెట్టె) చూశానని, లైట్లు వెలుగుతున్నా ఫ్లిప్పర్లు (బటన్ నొక్కితే లేచే చిన్న రెక్కలు) బంతిని గట్టిగా కొట్టట్లేదని, కొనొచ్చా అని అడిగారు. కొనొచ్చు. ఆరేళ్ల కిందట నేను కొన్నదానికీ ఇదే జబ్బు.

ముందు కరెంటు సంగతి. ఇవి అమెరికా ఇళ్లలోని 120 వోల్టులకు తయారైనవి. మన 230కి నేరుగా పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది, కాస్త ఎక్కువ సామర్థ్యం ఉన్నదే తీసుకోండి. మేళాలో వాళ్లు దేనికి కలిపి నడిపిస్తున్నారో కూడా చూడండి.

ఇక ఫ్లిప్పర్లు. వాటిని కదిలించే కాయిల్‌లో (తీగ చుట్టలో) రెండు చుట్లుంటాయి: బలంగా లాగేది ఒకటి, బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు ఆపి ఉంచేది ఇంకొకటి. ఫ్లిప్పర్ పూర్తిగా లేచాక చివర్లో ఒక చిన్న స్విచ్ తెరుచుకుని, పని మొదటి చుట్టు నుంచి రెండోదానికి మారుతుంది. ఆ స్విచ్ కాంటాక్టులకు మసి పడితే దెబ్బలో పస ఉండదు. అసలు తెరుచుకోకపోతే కాయిల్ మాడిపోతుంది. నాది మసే. కాంటాక్టులు రుద్దే సన్నటి ఆకురాయితో రెండుసార్లు రుద్దితే బంతి పైదాకా ఎగిరింది. ఆ రోజు నా ఆనందం చెప్పలేను!

ఆ పని చేసిపెట్టింది మా బాబాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో రిటైరయ్యారు. మూత తీయగానే, "ఇవి మా పాత ఎక్స్ఛేంజీ రిలేలే కదరా" అన్నారు. నిజమే, ఆ కాలపు పిన్‌బాల్‌లో చిప్ ఉండదు, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), మెట్లు మెట్లుగా తిరిగే స్టెప్పర్లే లెక్క పెడతాయి. అందుకే కొత్తవాళ్లకు ఇదే మేలంటాను, తప్పు కంటికి కనిపిస్తుంది. 1970ల చివరి నుంచి వచ్చిన సర్క్యూట్ బోర్డు మెషీన్లలో బ్యాటరీ కారి బోర్డును తినేస్తుంది, అది బాగుచేయడం చాలా కష్టం. స్టెప్పర్లలో మాత్రం నూనె స్ప్రే కొట్టకండి, దుమ్ము పట్టి బిగుసుకుపోతాయి.

బంతి 27 మిల్లీమీటర్లు, దాదాపు 80 గ్రాములు. గీతలు పడితే మార్చేయండి, లేదంటే అది దొర్లే బల్ల, అదే ప్లేఫీల్డ్, మీది రంగునంతా గీరేస్తుంది. రాణిగంజ్ బేరింగ్ షాపుల్లో అడగండి.

నాణెం పెట్టే మెకానిజాన్ని మన రూపాయికి సరిపడేలా కోయించకండి, దయచేసి. అది అమెరికా క్వార్టర్‌కు (పావు డాలరు నాణేనికి) చేసింది, 24.26 మిల్లీమీటర్లు. మన పాత స్టీలు రూపాయి 25, అందుకే ఇరుక్కుంటుంది. నాణేలమ్మేవాళ్ల దగ్గర నాలుగు క్వార్టర్లు కొనుక్కుంటే సరిపోతుంది.

బరువు వంద కిలోల పైమాటే, కాళ్లు విప్పి నలుగురితో మోయించండి. గాజు తీసి ప్లేఫీల్డ్ ఎత్తి చూపించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, ధర ఎంత తగ్గించినా తీసుకోకండి. ఒప్పుకుంటే కింది భాగం ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.