నల్గొండ ఎండలకు పాలు, పెరుగు, నెయ్యి లేకుండ ఇంట్ల ఏం వండుకోవాలె, బయట ఏం తినాలె – నా అనుభవం

మీరు అడిగింది ఏందంటే, ఉద్యోగం మీద నల్గొండకు కొత్తగ వచ్చిన్రు, వీగన్ అయిన్రు (అంటె పాలు, గుడ్డు, మాంసం అసొంటివి ఏవీ తినరు), ఈ ఎండలకు సల్ల (మజ్జిగ) తాగకుంటే పానం నిమ్మళం అయితలేదు, రూంల వండుకునే టైం తక్కువ, బయటికి పోతే ఏ హోటల్ల ఏం అడగాల్నో, పాల చాయ్ బదులు ఏం తాగాల్నో తెలుస్తలేదు అని. నాది దేవరకొండ దిక్కు ఊరు, కొన్నేండ్లు మహబూబ్‌నగర్ల పనిచేసి ఇప్పుడు నల్గొండలనే ఉంటున్న, పాలు మానేసి చాన ఏండ్లయింది. మా ఇంట్ల బర్లు ఉండేవి, దూడ పొదుగు కాడికి ఉరుకుతుంటె గుంజి గుంజకు కట్టేసి పాలు పిండుడు చిన్నప్పటి సంది చూసిన, అది మనసుల నుంచి పోలేదు, అందుకే మానేసిన. కాబట్టి ఇవన్ని నేను రోజు చేసుకొని తినేటివే చెప్తున్న.

ముందుగాల ఒక్క మాట. బాదం పాలు, సోయా పెరుగు అనుకుంట హైదరాబాద్ నుంచి తెప్పించుకునే పని పెట్టుకోకుండ్రి. మన దక్షిణ తెలంగాణ ఎండకాలం తిండిల పాలతోటి పడే పని చానా తక్కువ. జొన్నలు, తైదలు (రాగులు), కందిపప్పు, పల్లీలు, చింతపండు, మామిడికాయ, తొక్కు, వీటి మీదనే మన పెద్దోళ్లు ఎండకాలాలు ఎల్లదీసిన్రు. మీకు ఇబ్బంది అయ్యేది రెండు కాడనే, బువ్వ చివర పెరుగు కాడ, హోటల్ల మనకు తెల్వకుండ పడే నెయ్యి కాడ.

పెరుగు సంగతి చూద్దాం. ఎండకాలం మనకు నిజంగ కావాల్సింది పులుపు, ఉప్పు, నీళ్లు, ఈ మూడు కలిసి సల్లగ కడుపుల పడితె సాలు, అది పెరుగే కావాలని లేదు. నేనైతె మధ్యాన్నం పూట పచ్చి పులుసు లేకుండ బువ్వ తినను. పొయ్యి మీద పెట్టే పనే లేదు ఒక్క పోపుకు తప్ప, రూంల ఉండేటోళ్లకు ఇంతకు మించింది లేదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి చేత్తోనే పిసికి రసం తియ్యాలె, పల్సగ ఉండాలె, చిక్కగ చేస్తె అది పచ్చి పులుసు కాదు. రెండు మూడు పచ్చి మిరపకాయలు మంట మీద డైరెక్ట్‌గ కాల్చాలె, తోలు అక్కడక్కడ నల్లగయి బుడగలు లేస్తది, గప్పుడు తీసి ఉప్పు, జీలకర్రతోటి కచ్చపచ్చగ నూరాలె. ఉల్లిగడ్డ సన్నగ కోసి ఆ నూరిన ముద్దల ఏసి చేత్తోని గట్టిగ పిసకాలె, ఉల్లిగడ్డల నీళ్లు బయటికి వచ్చి మెత్తబడాలె, పులుసు రుచంత ఈ పిసుకుడులనే ఉంటది. తర్వాత చింతపండు రసం, కొంచెం బెల్లం, కొత్తిమీర, ఏంచి దంచిన నువ్వుల పొడి ఒక స్పూను, చివరికి ఆవాలు కరివేపాకు ఎండుమిర్చి ఎల్లిగడ్డతోటి నూనె పోపు. కుండ నీళ్లు పోసి చేస్తె ఇంక సల్లగ ఉంటది. ఉత్త అన్నంలకు, పెసరపప్పు కిచిడీలకు, జొన్న గట్కలకు (జొన్న రవ్వ బువ్వ) దేంట్లకైన పోస్కోవచ్చు. మామిడికాయలు వచ్చిన దినాలల్ల చింతపండు బదులు మామిడికాయను నిప్పుల మీద కాల్చిగాని ఉడకబెట్టిగాని గుజ్జు తీసి అట్లనే చేస్కోండ్రి.

పొద్దుగాల టిఫిన్ బదులు అంబలి. జొన్న పిండిగాని తైదల పిండిగాని రాత్రి నీళ్లల్ల కలిపి మూత పెట్టి ఉంచితె తెల్లారేసరికి కొద్దిగ పులుస్తది, ఎండకాలం కాబట్టి తొందరగనే పులుస్తది. పొద్దుగాల నీళ్లు మసల పెట్టి అండ్ల ఈ పిండి నీళ్లు పోసి గంటెతోటి ఆపకుండ తిప్పాలె, లేకుంటె ఉండలు కడతది. పది నిమిషాలు ఉడికినంక దించి, సల్లారినంక మల్ల నీళ్లు పోసి పల్సగ చేసి, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు, ఒక నిమ్మకాయ. అందరు ఇండ్ల సల్ల పోస్తరు, నిమ్మకాయ పిండితె ఆ పులుపు అచ్చం వస్తది, పిండి ఆల్రెడీ పులిసింది కాబట్టి సల్ల లేదన్న సంగతి యాదికి రాదు. ఒకటి గుర్తుంచుకోండ్రి, రోడ్డు పొంటి రాగి అంబలి అమ్మేటోళ్లు చానమంది ముందే పెద్ద గిన్నెలనే సల్ల కలిపేస్తరు, అందుకే గ్లాసు చేతుల పట్టకముందే అడగాలె. రోజు పోయే బండి అయితె "అక్కా, నాకు సల్ల కలపకముందు ఒక గ్లాసు తీసి పెట్టు" అంటె పెడతరు, నాకు పెడుతున్నరు.

అయినా సరే పెరుగన్నం తిన్నట్టు ఉండాలె అంటారా, పల్లీల పెరుగు తోడేసుకోండ్రి. పాలమూరు (మహబూబ్‌నగర్) దిక్కు పల్లీలకు కొదవ లేదు, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అంతట పండుతయి. ఒక గ్లాసు పచ్చి పల్లీలు రాత్రంత నానబెట్టి, చేత్తోని రుద్ది పొట్టు తీసి, మొత్తం మూడు గ్లాసుల నీళ్లతోటి మెత్తగ మిక్సీ పట్టి పల్సని బట్టల వడగట్టాలె. ఆ పాలను పచ్చి వాసన పోయేదాక మరగబెట్టాలె, దగ్గర్నే నిలబడి తిప్పుకుంట ఉండాలె ఎందుకంటె నురుగు పొంగుతది, అడుగు అంటుకుంటది. గోరువెచ్చగ అయినంక అయిదారు పచ్చి మిరపకాయల తొడిమెలు అండ్ల ఏసి మూత పెట్టాలె. ఆ తొడిమెలకు పెరుగు తోడుకునే బ్యాక్టీరియా ఉంటది, పాల తోడు అవసరం లేదు. ఈ ఎండలకు ఆరు నుంచి ఎనిమిది గంటలల్ల తోడుకుంటది. మొదటిసారి తోడేసింది కొద్దిగ వదులుగ, మిరపకాయ వాసనతోటి ఉంటది, దాన్ని చూసి ఇడిచిపెట్టకుండ్రి, అండ్లకెల్లి ఒక స్పూను తీసి రెండోసారి పాలల్ల ఏస్తె అప్పుడు గట్టిగ, కమ్మగ వస్తది. తోడుకున్నంక ఎక్కువ సేపు ఉంచకుండ తినాలె, లేకుంటె నోట్ల పెట్టలేనంత పులిసిపోతది. నా అంచనల ఇది గట్టి పెరుగు కన్న సల్ల చేస్కుంటెనే బాగుంటది, అల్లం, కరివేపాకు, ఉప్పు ఏసి చిలికి తాగితె. వడగట్టినంక మిగిలిన పిప్పి పారేయకుండ్రి, రొట్టె పిండిల కలపొచ్చు, లేదా టమాట తొక్కుల నూరొచ్చు. పల్లీలు వేడి చేస్తయి అంటరు కదా, నీళ్లు ఎక్కువ పోసి సల్ల లెక్క పల్సగ తాగితె నాకైతె ఎన్నడు ఏం కాలేదు.

కూరల గురించి పెద్దగ చెప్పేదేం లేదు, పుంటికూర, చుక్కకూర, గంగవాయిలి కూర, మామిడికాయ ఏదేసినా పప్పు పప్పే, పోపు పల్లి నూనెతోటి పెట్టుకోండ్రి అంతే. కానీ చింత చిగురు మాత్రం ఎండకాలం మొదట్ల సంతల దొరికినన్ని రోజులు ఇడిచిపెట్టకుండ్రి, రెండు అరచేతుల మధ్య నలిపి పప్పుల ఏస్తె ఇంక నెయ్యి ఎవరికీ గుర్తుకు రాదు. ఇగ తాటి ముంజలు, కర్బూజ, పుచ్చకాయ, నల్గొండ బత్తాయి, కొల్లాపూర్ మామిడిపండ్లు, ఇవన్ని ఇంత దగ్గర దొరికే జాగల ఉన్నం.

ఇప్పుడు బయటి తిండి. నేను చూసినకాడికి "ప్యూర్ వెజ్" బోర్డు ఉన్న పెద్ద హోటళ్లకంటె చిన్న మెస్సులల్లనే మనకు సులువు. పెద్ద వెజ్ హోటల్ల నెయ్యి, బట్టర్, క్రీమ్ ఎంత ఏస్తె అంత గొప్ప అనుకుంటరు. చిన్న మెస్సుల నెయ్యికి పైసలు ఎక్కడియి, పప్పు, చారు, ఒక వేపుడు, ఒక తొక్కు అన్ని నూనెతోనే అయితయి. కానీ అక్కడ ఇంకో తిప్పలు ఉంటది, కూర సాలలేదు కొంచెం పులుసు పొయ్యమంటె చికెన్ షేర్వా తెచ్చి పోస్తరు ప్రేమతోని, ముందే చెప్పి పెట్టుకోవాలె. పెరుగు కప్పు తెస్తె వద్దని చెప్పి ఇంకొంచెం చారు అడిగితె ఎవరు కాదనరు.

వీగన్ అని చెప్తె ఇక్కడ ఎవరికి అర్థం కాదు, వెజిటేరియన్ అనుకొని పన్నీర్ తెచ్చి పెడతరు. నేను ఆ పేరు చెప్పుడు మానేసిన, "అన్నా, నాకు పాలు, పెరుగు, నెయ్యి పడయి, నూనెతోనే చెయ్యి" అంట. పడయి అంటె వంటాయన జాగ్రత్తగ ఉంటడు, వద్దు అంటె ఇష్టం లేదేమో అనుకొని కొంచెమే కదా అని ఏస్తడు.

పొద్దుగాల టిఫిన్లల్ల ఇడ్లీ, పెసరట్టు, నూనె దోశ, మిర్చి బజ్జీ ఇవన్ని తినొచ్చు, దోశ మాత్రం పెనం మీద పిండి ఏసేముందే చెప్పాలె, ఏసినంక చెప్తె అప్పటికే నెయ్యి చుట్టేస్తడు. మైసూర్ బజ్జీ పిండిల పెరుగు కలుపుతరు, ఇది చాన మందికి తెల్వది. పొంగల్ల నెయ్యి ఉంటది, ఉప్మాల ఉండొచ్చు ఉండకపోవచ్చు, అడగాలె. కొబ్బరి చట్నీల కొందరు పెరుగు కలుపుతరు, పల్లి చట్నీ, అల్లం చట్నీ ఎక్కువ నమ్మకం. రాత్రి పూట నాన్ పిండిల పెరుగుగాని పాలుగాని పడతది, రుమాలీల కూడ కొందరు పాలు పోస్తరు, అందుకని బట్టర్ లేని తందూరీ రోటీ అడగండ్రి. అన్నిటికన్న మేలు సాయంత్రం రోడ్డు పక్కన జొన్న రొట్టెలు కొట్టే అక్కల కాడ రెండు రొట్టెలు తీస్కొని ఇంట్ల ఉన్న తొక్కు, పప్పు పెట్టుకొని తినుడు, వేడి నీళ్లు, పిండి తప్ప అండ్ల ఏం ఉండది. వెజ్ బిర్యానీల పెరుగు, నెయ్యి రెండూ ఉంటయి, ఇడిచిపెట్టండ్రి. ఫ్రైడ్ రైస్ అయితె కోడిగుడ్డు ఏంచిన కడాయిలనే చేస్తరు, కడిగి చెయ్యమని చెప్పాలె.

విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట దిక్కు పోతున్నప్పుడు, లేదంటె బెంగళూరు రోడ్డు మీద జడ్చర్ల దిక్కు, ఎండకాలం రోడ్డు పొంటి ముంజలు, కొబ్బరి బొండాలు, చెరుకు రసం దొరుకుతయి, పెద్ద ఫుడ్ ప్లాజాలల్ల లైన్ల నిలబడే బదులు సద్ది కట్టుకొని పోయి వీటితోటి కడుపు నింపుకునుడే మంచిది. పెండ్లిళ్లు ఎక్కువయ్యేది కూడ ఈ ఎండకాలంలనే. దావత్ల బగారా అన్నం నూనెతోటి చేసిన్రా నెయ్యితోటి చేసిన్రా అనేది వడ్డించేటోళ్లకు తెల్వది, వెనక వంట కాడికి పోయి వంటాయన్నే అడగాలె. శ్రీరామనవమి పందిరి కాడ ఇచ్చే పానకం, వడపప్పు మాత్రం కండ్లు మూసుకొని తీస్కోవచ్చు, బెల్లం, మిరియాలు, నానిన పెసరపప్పు, అంతే.

ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటె పాలు లేవని కాదు, మాంసం, గుడ్డు లేవని మాత్రమే. బిస్కెట్లల్ల చాన వాటిల మిల్క్ సాలిడ్స్ అని ఉంటది, వెనక చిన్న అక్షరాలు చదవాలె. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్లు 2022ల వీగన్ ఆహారానికి వేరే నియమాలు తెచ్చిన్రు, పచ్చ రంగుల ఇంగ్లీష్ వి అక్షరం మీద చిన్న ఆకు ఉన్న గుర్తు అది. మన దిక్కు కిరాణంల ఆ గుర్తు ఉన్నవి తక్కువ కనబడతయి గని కనబడితె నమ్మొచ్చు.

ఇగ ఆరోగ్యం, దీన్ని దయచేసి తేలికగ తీస్కోకుండ్రి. బి12 మొక్కల తిండిల దొరకది. సద్దన్నంల, అంబలిల ఉంటది అని చెప్తరు, దాని మీద ఆధారపడొద్దు, డాక్టర్ను అడిగి ట్యాబ్లెట్ ఏస్కోండ్రి, అప్పుడప్పుడు రక్త పరీక్ష చేపిచ్చుకోండ్రి. కాల్షియం గురించి మన నల్గొండోళ్లు ఇంకొంచెం ఎక్కువ ఆలోచన చెయ్యాలె. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతమంది ఎముకలు వంచిందో మనకు తెలుసు, తిండిల కాల్షియం తక్కువుంటె ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువ పడతది. పాలు మానేసినోళ్లు ఆ జాగ తైదలు, నువ్వులు, ఆకుకూరలతోటి నింపాలె. వంద గ్రాముల తైదలల్ల మూడు వందల మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటది, పాలల్ల ఉన్నదానికి రెండింతల కన్న ఎక్కువ, నువ్వులల్ల ఇంకా ఎక్కువ. అందుకే నేను పచ్చి పులుసుల నువ్వుల పొడి మర్చిపోను. తాగే నీళ్లు మిషన్ భగీరథ నల్లావిగాని ఆర్ఓ ఫిల్టర్‌విగాని వాడండ్రి, బోరు నీళ్లు వద్దు.

చాయ్ సంగతి కూడ అడిగిన్రు కదా. పాల చాయ్ మానేసినోళ్లు చానమంది రోజంత బ్లాక్ టీ తాగుడు మొదలు పెడతరు, టీ ఆకుల స్వతహాగ ఫ్లోరైడ్ ఉంటది, మన జిల్లాల అది ఎక్కువ తాగుడు మంచిది కాదు. పొద్దుగాల ఒక కప్పు నిమ్మకాయ టీ తాగి సాలు అనుకోండ్రి, మధ్యాన్నం అల్లం, జీలకర్ర, బెల్లం మరగబెట్టిన నీళ్లు సల్లార్చి సీసల పోసుకొని ఆఫీసుకు తీస్కపోండ్రి. మీరు ఉండేది ఏ దిక్కో చెప్పిన్రంటె ఆ దగ్గర్ల ఏ మెస్సుల అడిగింది చేసి పెడతరో నేను తెలుసుకొని చెప్తా.