పీహెచ్‌పీ ఫంక్షన్ లోపల బయటి వేరియబుల్ ఎందుకు కనబడదు?

వెబ్‌సైట్ల ప్రోగ్రాములు రాసే పీహెచ్‌పీ భాష గురించి మీరు అడిగింది రెండు విషయాలు. ఫైల్ పైభాగంలో క్వింటా ధాన్యం ధరను $ధర = 2320 అని వేరియబుల్‌లో (విలువకు పెట్టిన పేరులో) పెట్టినా, బిల్లు కట్టే ఫంక్షన్ (పేరు పెట్టి పిలిచే ప్రోగ్రాం ముక్క) లోపల లెక్క సున్నా వస్తోంది. లోపల బరువు మార్చినా బయట పాత బరువే ఉంటోంది. జావాస్క్రిప్ట్‌లో మొదటిది బాగానే నడిచింది కదా, ఇక్కడేమైందని టెన్షన్ పడుతున్నారు.

జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌కు తన చుట్టూ ఉన్న వేరియబుల్స్ కనిపిస్తాయి. పీహెచ్‌పీ ఫంక్షన్‌కు మామూలుగా బ్రాకెట్లలో మీరు అందించినవే తెలుస్తాయి. అందించని $ధర లోపల ఖాళీ. ఖాళీని 40 క్వింటాళ్లతో గుణిస్తే సున్నా. ఒక హెచ్చరిక వస్తుంది కానీ ప్రోగ్రాం ఆగదు. గ్లోబల్ అని రాసి బయటి ధరను లోపలికి లాగొచ్చు, కానీ నేను వద్దంటాను. బిల్లు(40, 2320) అని పిలిస్తే ఆ బిల్లు దేని మీద ఆధారపడిందో చదివేవాళ్లకు అక్కడే తెలుస్తుంది. (తెలుగు పేర్లు పీహెచ్‌పీలో నిజంగానే చెల్లుతాయి.)

నేను మిర్యాలగూడలో రైస్ మిల్లులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాస్తుంటాను. ఒక మిల్లులో పాత ప్రోగ్రాం చూడమని పిలిచారు. రెండే విలువలున్నంత కాలం వాటిని తారుమారుగా ఇచ్చినా ఇబ్బంది లేదు, 40 × 2320 ఎటు చేసినా 92,800. తర్వాత ఎవరో తరుగు కలిపారు: బరువులోంచి తరుగు తీసేసి ధరతో గుణించాలి. ఒక క్వింటా తరుగు పోతే 39 × 2320, అంటే 90,480 రావాలి. వరుస తారుమారైతే ధరలోంచే ఒకటి పోయి 2319 × 40, అంటే 92,760 వస్తుంది. 2,280 రూపాయల తేడా! ఎర్రర్ రాదు, అంకె చూస్తే నమ్మేలా ఉంటుంది. అందుకే ఇప్పుడు బిల్లు(క్వింటాళ్లు: 40, ధర: 2320, తరుగు: 1) అని పేర్లతో పిలుస్తాను. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 నుంచి ఈ సౌకర్యం ఉంది.

ఇక రెండోది. ఫంక్షన్‌కు మీరిచ్చిన బరువు పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్ లాంటిది. దాని మీద ఏం రాసినా అసలు మారదు. ఫంక్షన్ రాసేటప్పుడు బ్రాకెట్లలో పేరు ముందు & పెడితే అసలే చేతికిచ్చినట్టు. అప్పుడు పొరపాటున ఫంక్షన్‌ను రెండుసార్లు పిలిస్తే తరుగు రెండుసార్లు పోతుంది, బరువు 38కి దిగుతుంది. రైతు డబ్బుల లెక్కలో ఆ రిస్క్ ఎందుకు? కొత్త విలువను రిటర్న్ చేసి (ఫంక్షన్ నుంచి బయటికి తిరిగిచ్చి) $మొత్తం = బిల్లు(...) అని బయట పట్టుకోండి. ఎకోతో స్క్రీన్ మీద చూపించి ఊరుకుంటే $మొత్తంలోకి ఏమీ రాదు.

ధరను మాత్రం ఫంక్షన్ లోపల రాసి పెట్టేయకండి. గ్రేడ్-ఏ ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2023-24లో 2203, 2024-25లో 2320. మారినప్పుడల్లా ఫంక్షన్‌ను తెరవాల్సిన పని ఉండకూడదు.