పాటలు వేరు, రాత్రి రెండింటి దాకా చేసే డ్యూటీ వేరు

ప్రశ్న: మా పాపకు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఏడాదిన్నరగా బీటీఎస్ అనే కొరియా పాటల బృందం అంటే ప్రాణం. ఇంకో ఇద్దరితో కలిసి ఇన్‌స్టాగ్రామ్‌లో వాళ్ల మీద ఒక ఫ్యాన్ పేజీ నడుపుతోంది. రాత్రి రెండింటి దాకా ఫోన్ వదలదు. నాకు చెప్పకుండా నా ఫోన్‌లోంచి 2,600 రూపాయలు పంపి ఏవో ఫొటోకార్డులు కొంది. ఈమధ్య రాత్రి అన్నం మానేసి బాగా సన్నబడింది. పోయిన నెల వాళ్ల నాన్న కోపంలో గోడ మీది పోస్టర్లు చించేశారు. అప్పటి నుంచి ఆయనతో మాట్లాడటం లేదు. ఇది పిచ్చా డాక్టర్ గారూ? మందులు వాడాలా? ఫోన్ తీసేసుకోమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పిచ్చి కాదమ్మా. ఒక పాటల బృందాన్ని ఇంతగా ఇష్టపడటం ఏ వైద్య పుస్తకంలోనూ జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో వీడియో గేమ్‌ల వ్యసనం ఉంది కానీ అభిమానం లేదు. మన ఊళ్లలో హీరో సినిమా మొదటి ఆటకి కటౌట్‌కి పాలాభిషేకం చేసిన కుర్రాళ్లని మనం ఆస్పత్రికి తీసుకెళ్లలేదు కదా. ఈ వయసులో ఇంటి బయట ఒక ఆదర్శాన్ని, ఒక గుంపుని వెతుక్కోవడం ఎదుగుదలలో భాగమే. అభిమానానికి మందు అక్కర్లేదు. నిద్ర, తిండి, ఇంట్లో మాటలు ఆగిపోవడం, ఈ మూడింటి గురించి మాత్రం ఆలోచించాలి.

ముందు నిద్ర సంగతి. కొరియా గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు ఉంటుంది. మనకు రాత్రి రెండైతే సియోల్‌లో తెల్లవారుజాము ఐదున్నర. అంటే పాప మేలుకునేది బీటీఎస్‌లోని ఆ ఏడుగురి కోసం కాదు. ఆ వేళకు అమెరికాలో, బ్రెజిల్‌లో మధ్యాహ్నమో సాయంత్రమో అవుతుంది. అక్కడి ఫ్యాన్స్ గ్రూపుల్లో అప్పుడే సందడి. ఎవరో ఒక మెంబర్‌ని తిట్టారని జవాబివ్వాలి, ఓటింగ్‌లో వెనకబడకూడదు, కొత్త పాటకు వ్యూస్ పెంచాలి, పేజీలో అప్‌డేట్ పెట్టాలి. నా దగ్గరికి వచ్చే పిల్లలు పాటల గురించి చెప్పేటప్పుడు వాళ్ల ముఖం వెలుగుతుంది. పేజీ గురించి అడిగితే అదే ముఖంలో టెన్షన్ కనిపిస్తుంది. పాటలు వినడం ఆనందం. ఆ అకౌంట్ నడపడం జీతం లేని ఉద్యోగం. మీ పాపను అలసగొడుతున్నది రెండోదని నా అనుమానం. తొమ్మిదో తరగతి పిల్లకు నైట్ డ్యూటీ ఏమిటమ్మా?

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోన్ ఎలాగూ కాస్త ఆలస్యంగానే ఊరుతుంది. దానికి ఫోన్ వెలుగు, గ్రూపులో గొడవల ఉద్రేకం తోడైతే ఇక నిద్ర ఎక్కడిది? పగటి చిరాకులో, కన్నీళ్లలో, చదువు తలకెక్కకపోవడంలో చాలా భాగం నిద్రలేమి వల్లే కావచ్చు.

ఫోన్ లాగేసుకోవద్దు. లాగేసుకుంటే స్నేహితురాలి ఫోన్‌లో ఇంకో అకౌంట్ తెరుస్తుంది, అది మీకు తెలియదు. రాత్రి పదిన్నరకి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఒకచోట చార్జింగ్‌లో పెట్టండి. అందరివీ అంటే మీవీ, నాన్నగారివీ కూడా. అలారానికి గడియారం కొనండి. ఒక్కరోజులో రెండింటి నుంచి పదిన్నరకి తేవాలని చూడకండి, మూడు నాలుగు రోజులకొకసారి అరగంట చొప్పున ముందుకి జరపండి. పేజీని మూయమనీ అనొద్దు. మిగతా ఇద్దరితో పని పంచుకుని, రాత్రి పని ఎలా తగ్గించుకోవాలో తననే తేల్చుకోనివ్వండి. "ఒక వారం నువ్వు పేజీ చూడకపోతే ఏమవుతుందని భయం?" అని నెమ్మదిగా అడగండి. ఆ జవాబు పూర్తిగా వినండి, మధ్యలో సలహా ఇవ్వకండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన మాట: రాత్రి అన్నం మానేసింది, సన్నబడింది. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఐడల్ డైట్ (కొరియా పాటల తారల తిండి పద్ధతి) అనీ, ఫలానా గాయని బరువు ఇంత అనీ చెప్పే వీడియోలు ఈ వయసు ఆడపిల్లలకు చాలా కనిపిస్తాయి. పాప తిండి తగ్గించింది అందుకేనా, నాన్న మీద అలకతోనా, దిగులుతోనా అన్నది తెలియాలి. ఈ వారమే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఎత్తు, బరువు, బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూస్తారు. నెలసరి సరిగ్గా వస్తోందా, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా, జుట్టు ఊడుతోందా, తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్తోందా అన్నవి మీరు గమనించి చెప్పాలి. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా అసలు ఆలస్యం చేయకూడదు. "లావయ్యావు, చిక్కావు" అనే మాటలు ఇంట్లో ఎవరూ, మెచ్చుకోలుగా కూడా, అనొద్దు. బీటీఎస్ వాళ్లు 2017లో యూనిసెఫ్‌తో కలిసి "లవ్ మైసెల్ఫ్" అని ఒక ప్రచారం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో వాళ్ల నాయకుడు ఆర్‌ఎం ఐక్యరాజ్యసమితిలో దాని గురించే మాట్లాడాడు. ఆ ప్రసంగం పాప పక్కన కూర్చుని చూడండి. మీరు చెప్తే వినని మాట ఆ గొంతులో వింటుంది.

ఇక నాన్నగారి విషయం. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కానీ చించింది కాగితమే అనుకుంటే పొరపాటు. స్టేజీ మీది మనిషితో, అతనికి మనం ఎవరో తెలియకపోయినా, ఏర్పడే దగ్గరితనాన్ని పారాసోషల్ బంధం అంటారు. 1956లో ఇద్దరు అమెరికా పరిశోధకులు టీవీ ప్రేక్షకులను గమనించి ఆ పేరు పెట్టారు. అది ఒకవైపు బంధమే, కానీ పాప మనసులో అది నిజం. ఆయనే వెళ్లి "నేను అలా చేసి ఉండకూడదు తల్లీ" అనాలి. పెద్దవాళ్లు సారీ చెబితే పిల్లలు నెత్తికెక్కుతారనే భయం వద్దు.

మాటలు ఎందుకు ముఖ్యమో ఒక సంగతి చెబుతాను. 2024 జనవరిలో తమిళనాడు కరూర్ జిల్లాలో 13 ఏళ్ల అమ్మాయిలు ముగ్గురు బీటీఎస్‌ను చూడాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరారు. విశాఖపట్నం చేరి ఓడెక్కితే కొరియా వెళ్లొచ్చని వాళ్ల లెక్క. చేతిలో దాదాపు 14 వేల రూపాయలు. కాట్పాడి రైల్వే స్టేషన్‌లో పోలీసులకు దొరికారు కాబట్టి సరిపోయింది. అదే ప్లాన్ ఏ పెద్దవాళ్ల చెవిన పడినా అలాంటి ప్రయాణం కుదరదని అక్కడే తేలిపోయేది. అందుకే ఆ ఏడుగురి పేర్లు నేర్చుకోండి. తన "బయాస్" ఎవరో, అంటే ఎక్కువ ఇష్టమైన మెంబర్ ఎవరో అడగండి. రోజుకు ఒక పాట తనతో కలిసి వినండి. పరీక్ష పెడుతున్నట్టు కాదు, నిజంగా వినండి.

ఫొటోకార్డుల డబ్బు గురించి దొంగతనం అనే మాట వాడొద్దు. కానీ ఊరుకోనూ వద్దు. యూపీఐ పిన్ మార్చండి, నెలకు ఇంత అని పాకెట్ మనీ ఇవ్వండి, అందులోంచే కొనుక్కోమనండి. ముందే డబ్బు వేయించుకుని కార్డులు పంపని వాళ్లుంటారు, మోసం జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. గ్రూపులో ఎవరైనా సొంత ఫొటోలు అడిగినా, కలుద్దామన్నా ముందు మీకే చెప్పాలి. చెబితే తిట్టరన్న నమ్మకం ఉంటేనే చెబుతుంది.

చచ్చిపోతాను అన్నా, చేతుల మీద కోసుకున్న గాట్లు కనిపించినా, గదిలోంచి బయటికే రాకపోయినా ఎదురు చూడకండి. అదే రోజు సైకియాట్రిస్ట్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్‌కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అలాంటివి లేకపోతే నిద్ర, తిండి విషయంలో నేను చెప్పినట్టు నాలుగు వారాలు చేసి చూడండి. మార్పు లేకపోతే కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకో పాపకు ముందే చెప్పండి. షాపింగ్‌కు అని చెప్పి తీసుకొచ్చిన పిల్లలు మొదటి రోజు మా ముందు నోరు విప్పరు.