కొండలెక్కే కెమెరాకు ఇంట్లో పట్టీ తయారు చేసుకోవచ్చా?

కొండలు ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండేలా కెమెరాను ఛాతీకి కట్టుకునే పట్టీని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చా, లేక కొనుక్కోవడమే మేలా అని అడిగారు. నిస్సందేహంగా తయారు చేసుకోండి. అయితే గుడ్డ, కుట్టు, బకిల్ గురించి ఆలోచించే ముందు కెమెరా అడుగున ఎక్కే బోల్టును చూసుకోండి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే.

మా అబ్బాయి పాత స్కూలు బ్యాగు పట్టీలు కోసి, మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన చేత నైలాన్ దారంతో రెండు వరుసలు కుట్టించాను. ఆ కుట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. బోల్టు కోసం దగ్గర్లోని హార్డ్‌వేర్ దుకాణానికి వెళితే, పావు అంగుళానిది లేదంటూ ఆరు మిల్లీమీటర్లది చేతిలో పెట్టి, "రెండూ ఒకటేనండీ" అన్నారు. ఇంటికి వచ్చి తిప్పి చూస్తే రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుంది. అంతటితో పని అయిపోయిందనుకున్నాను.

ఆ ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి భువనగిరి కోటకు వెళ్లాం. అదంతా ఒకే రాతి గుండు. సగం దూరం ఎక్కాక, పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకుని వంగి, పై మెట్టు మీద కాలు మోపుతుండగా టక్కున చప్పుడైంది. ఛాతీ మీది బరువు ఒక్కసారిగా మెడ మీదికి వచ్చింది. కెమెరాతో పాటు వచ్చిన మెడపట్టీని తీసేస్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు కాబట్టి కెమెరా కిందికి దొర్లిపోలేదు గానీ, ఊగిసలాడుతూ రాతికి కొట్టుకోవడంతో లెన్సు ముందున్న ఫిల్టరు నెర్రెలిచ్చింది. పట్టీకి వేలాడుతున్న బోల్టును చూస్తే దాని మర అంచులు అరిగి తళతళలాడుతున్నాయి.

కెమెరా అడుగున ఉండే రంధ్రం మామూలుగా పావు అంగుళానిది, అంటే 6.35 మిల్లీమీటర్లు; అంగుళానికి 20 మరలు. ఆరు మిల్లీమీటర్ల బోల్టు కొంచెం సన్ననిది, పైగా దాని మరల మధ్య దూరం ఒక మిల్లీమీటరే. ఇక్కడ కావలసింది 1.27. అందుకే అది సరిగ్గా కూర్చోదు, ఇరుక్కుంటుంది. ఆ ఇరుకునే మనం బిగువు అనుకుంటాం. అమ్మేవారు ఒక్క నిమిషం కొలిచి చూపిస్తే ఈ నష్టం ఉండేది కాదు. "ఒకటేనండీ" అనే మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

చివరికి రాణిగంజ్‌లో మూడో దుకాణంలో అసలు బోల్టు దొరికింది. కెమెరాలోకి వెళ్లే భాగం నాలుగున్నర మిల్లీమీటర్లు దాటకుండా కోయించాను. పొడవు ఎక్కువైతే అది రంధ్రం అడుగును తన్నుతుంది. కెమెరాకూ పట్టీకీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్కను వాషరులా కోసి పెట్టాను, దానివల్ల నడకలో బోల్టు దానంతట అదే వదులు కావడం లేదు. అదే కొలత బోల్టు మరొకటి తీసుకుని దానికి నైలాన్ తాడు కట్టుకున్నాను. ట్రైపాడ్ మోయలేని చోట తాడు కొసను కాలితో తొక్కిపట్టి కెమెరాను పైకి లాగి పట్టుకుంటే చేతి వణుకు చాలావరకు తగ్గుతుంది.

పట్టీ ఎంత బాగా కుదిరినా, కెమెరా పక్కనుండే కొక్కెం నుంచి భుజం పట్టీకి రెండో తాడు ఒకటి తప్పనిసరిగా కట్టండి. కెమెరా జారినా రాతికి తగలనంత పొట్టిగా, కంటి దగ్గరికి ఎత్తితే అడ్డం రానంత పొడుగ్గా దాన్ని ఇంట్లోనే సరిచూసుకుని బయలుదేరండి.