ఎదురింటి అమ్మాయికి వ్యూస్ ఎక్కువ వచ్చాయి సార్!

ఒడిశాలోని రాయగడ నుంచి కిరాణా కొట్టు నడిపే ఒక తండ్రి రాశారు. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం. ఎదురింటి స్నేహితురాలితో కలిసి దసరా పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో తెలుగు, ఒడియా పాటలు పాడేది. ఈమధ్య ఆ స్నేహితురాలు విడిగా పెట్టిన వీడియోకి వ్యూస్ బాగా వచ్చాయి, ఇద్దరికీ మాటల్లేవు. ఇంతలో భువనేశ్వర్లో ఒక స్టూడియోవాళ్ళు లక్షన్నరకి ఆల్బమ్ చేసిపెడతామన్నారు. "అమెరికా గాయనులు టేలర్ స్విఫ్ట్, బియాన్సే అందరూ పోటీపడి పైకొచ్చినవాళ్ళే కదా. సైన్స్ మాన్పించి మ్యూజిక్‌లో వేసేయనా? ఏ కోర్సు మంచిదో పోల్చి చెప్పండి" అన్నది ప్రశ్న.

పోలుస్తానండీ. ముందు మీరు పంపిన దసరా వీడియో సంగతి. రెండో చరణం ఎత్తుకునేటప్పుడు మీ అమ్మాయి మాట మర్చిపోయింది. పక్కనున్న పిల్ల తల కూడా తిప్పకుండా, మైకుకి అందనంత మెల్లగా ఆ మాట అందించింది. మీ అమ్మాయి అందుకుంది. పందిట్లో ఎవరికీ తెలియలేదు. మీరూ గమనించినట్టు లేరు.

ఇంకోటి. మీ ఉత్తరంలో ఆ పిల్ల వ్యూస్ ఎన్నో మూడుచోట్ల రాశారు. మీ అమ్మాయి ఎవరి దగ్గర నేర్చుకుంటోందో ఒక్కచోటా రాయలేదు. పదహారేళ్ళ పిల్లలు పొద్దున పోట్లాడుకుని సాయంత్రానికి కలిసిపోతారు. కలవనివ్వకుండా రోజూ లెక్క చూసి చెప్తున్నది ఎవరు? కోపం తెచ్చుకోకండి. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు, పిల్ల పేరు, పాట మారతాయంతే. నలుగురిలో మన పిల్ల వెనకబడిపోయిందనిపించుకోవాల్సి వస్తుందేమోనన్న బెంగే అన్నింట్లోనూ ఉంటుంది.

ఇక మీరు చెప్పిన స్టార్ల పోటీ. టేలర్ స్విఫ్ట్‌కి, ఇంకో అమెరికా గాయని కేటీ పెర్రీకి చాలా ఏళ్ళు పడలేదు. 2019లో టేలర్ వీడియోలోనే ఇద్దరూ కౌగిలించుకున్నారు. అభిమానులు టేలర్ గొప్పా బియాన్సే గొప్పా అని కొట్టుకుంటుంటే, 2023లో వాళ్ళిద్దరూ ఒకరి కచేరీ సినిమా ప్రీమియర్‌కి ఒకరు వెళ్ళారు. ఆ వ్యాపారంలో తగువుకీ గిరాకీ ఉంటుంది, రాజీకీ ఉంటుంది. అసలు దెబ్బలాట హక్కుల కాగితాల దగ్గర.

మైకేల్ జాక్సన్, బీటిల్స్ బ్యాండ్ గాయకుడు పాల్ మెకార్ట్నీ 1980ల మొదట్లో కలిసి పాడారు. పాటల హక్కులు కొని పెట్టుకుంటే ఎంత లాభమో జాక్సన్‌కి చెప్పింది మెకార్ట్నీయే. 1985లో ఏటీవీ అనే పాటల హక్కుల సంస్థ అమ్మకానికొస్తే జాక్సన్ 4.75 కోట్ల డాలర్లిచ్చి కొనేశాడు. అందులో మెకార్ట్నీ, అతని బ్యాండ్ సహచరుడు లెనన్ రాసిన బీటిల్స్ పాటలు దాదాపు 250 ఉన్నాయి! ఆ తర్వాత వాళ్ళ స్నేహం చల్లబడిపోయింది. మనకి తెలిసిందే చెప్పాలంటే, 2017లో ఇళయరాజా గారి తరఫున బాలు గారికి నోటీసు వెళ్ళింది, తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని. తర్వాత మళ్ళీ ఒకే వేదిక ఎక్కారనుకోండి, అది వేరే సంగతి.

టేలర్ పదిహేనేళ్ళప్పుడు ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుంది. మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు, అంటే అసలు రికార్డింగులు, కంపెనీవే అయ్యాయి. 2019లో కంపెనీతోపాటు అవీ చేతులు మారాయి. పాటలు రాసింది తనే కాబట్టి ఆ హక్కు తన దగ్గరుంది, దాని బలంతో నాలుగు ఆల్బమ్‌లు మళ్ళీ పాడి రికార్డు చేసి 2021 నుంచి విడుదల చేసింది. పాత మాస్టర్లు తన చేతికి వచ్చింది 2025లో. అంటే పాట రాసిన హక్కు, బాణీ హక్కు ఒక దారి, రికార్డింగు హక్కు ఇంకో దారి.

ఇప్పుడు మీరు పంపిన ఆ స్టూడియో అగ్రిమెంటు ఫొటో చూడండి. ఐదో పేరా: ఖర్చంతా మీది, మాస్టర్ స్టూడియోది, "శాశ్వతంగా". డబ్బిచ్చి మరీ ఇంటి తాళాలు అప్పజెప్పినట్టుంది! మైనర్ సంతకం చెల్లదు కాబట్టే మీ సంతకం అడుగుతున్నారు. పెట్టకండి. పాట రాసేవాళ్ళకీ, బాణీ కట్టేవాళ్ళకీ రాయల్టీ పోకుండా 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. కానీ మీ అమ్మాయి సొంతంగా రాసిందేమీ లేదు, పాడేవన్నీ సినిమా పాటలే. వాటిమీద యూట్యూబ్ యాడ్ డబ్బు చాలావరకు ఆడియో కంపెనీ ఖాతాకే వెళ్తుంది. ఎదురింటి అమ్మాయిదీ అదే పరిస్థితి. ఆ వ్యూస్ చూసి మీరు నిద్ర మానుకున్నారు!

"ఇండిపెండెంట్ ఆర్టిస్ట్" అన్న మాట మీద నాకు మొదటినుంచీ అనుమానమే. పాట, వీడియో, పోస్టర్, లెక్కలు, రీల్స్ అన్నీ ఒక్కరే చూసుకోవాలి. సాధనకి మిగిలే గంటలెన్ని? ఆరు నెలల్లో "మ్యూజిక్ బిజినెస్" నేర్పుతామంటూ లక్షలు గుంజే ప్రైవేటు కోర్సులంటే ఇంకా భయం. వాటిలో చేరినవాళ్ళలో కొందరు ఇప్పుడు నన్ను ఉద్యోగం గురించి అడుగుతున్నారు.

పోలుస్తానన్నాను కదా. శాస్త్రీయంగా నేర్పించాలంటే మీకు దగ్గర విజయనగరం సంగీత కళాశాల. రాయగడలో రైలెక్కితే పార్వతీపురం, బొబ్బిలి మీదుగా తిన్నగా అక్కడికే. ఘంటసాల, సుశీల చదివిన చోటు, 1919 నుంచి ఉంది. ఒడిశా శాస్త్రీయ సంగీతమైన ఒడిస్సీ కావాలంటే భువనేశ్వర్లో ఉత్కళ సంగీత మహావిద్యాలయ. రెండూ నయమే, ఏ భాషలో పాడాలని ఉందో అమ్మాయినే అడగండి. సైన్స్ ఇష్టం లేకపోతే ఆర్ట్స్‌కి మారొచ్చు. ప్లస్ టూ మాత్రం మాన్పించకండి. పదహారేళ్ళకి ఏదీ చేజారిపోలేదు. గొంతు ఉంది, శ్రుతి ఉంది, మాట మర్చిపోతే అందించే స్నేహితురాలు ఉంది. పెద్ద పెద్ద బ్యాండ్లే ఆ మూడోది దొరక్క విడిపోయాయి.

ఇద్దరి పేరుతో ఒకటే ఛానల్ పెట్టించండి. ఒక్క పాటైనా సొంతంగా రాసుకోమనండి, ఒడియాలో అయినా సరే. ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, డబ్బొస్తే ఎవరికెంత అన్నది తెల్లకాగితం మీద రాసి ఇద్దరి తండ్రులూ సంతకం చేయండి. టీ మీ ఇంట్లోనే పెట్టించండి, పిలవాల్సింది మీరే.